థీబ్స్‌ను నిలబెట్టిన ఐక్యత, ఆ ఐక్యతలోనే ఉన్న చీలిక

క్రీ.పూ. 371లో శాంతి ఒప్పందం కోసం గ్రీకు నగరాల ప్రతినిధులు స్పార్టాలో కూర్చున్నారు. బియోషియా ప్రాంతంలో పెద్ద నగరం థీబ్స్. బియోషియా మొత్తం తరఫున తామే ప్రమాణం చేస్తామని థీబ్స్ ప్రతినిధి ఎపమినోండాస్ పట్టుబట్టాడు. బియోషియాలోని ఊళ్లను స్వతంత్రంగా వదిలేస్తారా లేదా అని స్పార్టాకున్న ఇద్దరు రాజుల్లో ఒకడైన అగెసిలాస్ గద్దించాడు. మీ స్పార్టా చుట్టూ ఉన్న లకోనియా ఊళ్లను ముందు మీరు వదులుతారా అని ఎపమినోండాస్ ఎదురడిగాడు. ఒప్పందంలోంచి థీబ్స్ పేరు కొట్టేశారు. కొద్ది రోజుల్లోనే యుద్ధం వచ్చిపడింది.

ఈ గొడవ అప్పటికప్పుడు పుట్టింది కాదు. ఏథెన్స్‌కు వాయవ్యంగా ఉండే వ్యవసాయ ప్రాంతం బియోషియా. అక్కడి జనం యాస ఒకటే, చాలా ఊళ్ల నాణేల మీద డాలు గుర్తూ ఒకటే. అయినా ఆర్కోమెనస్, థెస్పియే, టనాగ్రా, ప్లాటియా ఎవరికి వారే. థీబ్స్ పెత్తనం పడని ప్లాటియా క్రీ.పూ. 6వ శతాబ్దంలోనే ఏథెన్స్ పంచన చేరింది.

క్రీ.పూ. 447 ప్రాంతంలో కొరోనియా దగ్గర ఏథెన్స్ సేనను ఓడించాక బియోషియా సమాఖ్య గట్టిపడింది. అది ఎలా నడిచేదో ఈజిప్టులో 1906లో దొరికిన పపైరస్ (ప్రాచీన కాగితం) రాతల ముక్కలు చెబుతాయి. ప్రాంతాన్ని 11 భాగాలు చేశారు. ఒక్కో భాగం నుంచి బియోటార్క్ అనే సేనాని ఒకరు, మండలికి 60 మంది సభ్యులు, యుద్ధానికి సుమారు 1,000 మంది కాల్బలం, 100 మంది రౌతులు. ఎవరి వాటా ఎంతో, ఎవరి ఖర్చు ఎంతో అందరికీ తెలుసు. థీబ్స్ ఎదుగుదలకు అసలు పునాది ఈ లెక్కే. వీరుల గురించి చెప్పుకున్నంతగా దీని గురించి చెప్పుకోకపోవడం అన్యాయం.

అయితే 11లో 4 భాగాలు థీబ్స్ చేతిలో ఉండేవి. వాటిలో 2 ప్లాటియావి, చుట్టుపక్కల చిన్న ఊళ్లవి. క్రీ.పూ. 427లో ప్లాటియా, అప్పట్లో థీబ్స్‌కు మిత్రపక్షమైన స్పార్టా సేనకు లొంగిపోయాక, అక్కడ మిగిలిన రక్షకులను చంపించడంలో థీబ్స్‌ది పెద్ద పాత్ర.

క్రీ.పూ. 386 నాటి ఒప్పందంతో స్పార్టా ఈ సమాఖ్యను రద్దు చేయించింది. 382లో థీబ్స్ కోటలో తన సైన్యాన్నే దించింది. 379 చలికాలంలో థీబ్స్ నాయకుడు పెలోపిడాస్‌తో పాటు, ఊరు విడిచి వెళ్లిన కొందరు ప్రవాసులు రహస్యంగా ఊళ్లోకి వచ్చి నగరాన్ని విడిపించారు. సమాఖ్య మళ్లీ లేచింది, ఈసారి థీబ్స్ పట్టు మరింత బిగిసింది.

371లో శాంతి చర్చలు చెడ్డాక వచ్చిన ఆ యుద్ధంలో, బియోషియాలోని ల్యూక్ట్రా మైదానంలో ఎపమినోండాస్ ఎడమ పార్శ్వాన్ని 50 వరుసల లోతున నిలిపాడు. ఎదుట స్పార్టా వరుసలు 12. స్పార్టా రెండో రాజు క్లియోంబ్రోటస్, 700 మంది స్పార్టా పౌర యోధుల్లో 400 మంది అక్కడే పడిపోయారు. తర్వాత ఎపమినోండాస్ లకోనియాలోకి చొచ్చుకెళ్లి, తరతరాలుగా స్పార్టాకు ఊడిగం చేసిన మెసీనియాను విడిపించాడు.

సొంత ఇంట్లో మాత్రం థీబ్స్ ఆ ఉదారత చూపలేదు. 364లో ఆర్కోమెనస్‌ను నేలమట్టం చేసి, మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేసింది. 335లో అలెగ్జాండర్ థీబ్స్‌ను కూల్చినప్పుడు, అతని సేనతో కలిసి ఊళ్లోకి చొరబడిన వాళ్లలో ప్లాటియా వాళ్లు, ఇతర బియోషియన్లు ఉన్నారు.