నూట పది పౌండ్ల బేరం: ఆస్టెన్‌ను పబ్లిషర్లు ముంచారా?

2025 డిసెంబరు 16తో జేన్ ఆస్టెన్ పుట్టి 250 ఏళ్ళు నిండాయి. ఆ ఉత్సవాల వెంటే పాత పేచీ కూడా మళ్ళీ లేచింది. ఆమె నవలల మీద ఇన్ని సినిమాలు, ఇన్ని దుకాణాలు బతుకుతుంటే, బతికున్నన్నాళ్ళూ ఆమె చేతికొచ్చింది ఆరొందల పైచిలుకు పౌండ్లేనా? ఆడమనిషి కదా అని పబ్లిషర్లు ముంచారా, బేరం ఆమే చెడగొట్టుకుందా? పల్లెటూరి పాదిరీ గారి అమ్మాయి, పెళ్ళి చేసుకోలేదు, పుస్తకం మీద పేరు వేసుకోలేదు అన్న కథ అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను. 1812 నవంబరు దగ్గర మొదలుపెడితే చాలు. ముడి పడింది అక్కడే.

ఆ నెల 29న ఆస్టెన్ తన స్నేహితురాలు మార్తా లాయిడ్‌కు ఉత్తరం రాసింది. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అమ్ముడైంది, పబ్లిషరు ఎగర్టన్ 110 పౌండ్లు ఇస్తున్నాడు, నాకైతే 150 వస్తే బాగుండేది గానీ ఇద్దరి మనసూ నిండే బేరం ఎక్కడుంటుంది అంది. డబ్బు ఏడాది తర్వాత ఇస్తాడట. అమ్మేస్తే అన్న హెన్రీకి తిప్పలు తప్పుతాయని కూడా ఆశపడింది. ఉత్తరంలో ఏడుపు లేదు. అంత సొమ్ము పందెం కాయడానికి ఎగర్టన్ వెనకాడితే ఆశ్చర్యమేముంది అని అతని తరఫున తనే సర్దిచెప్పింది.

మరి హక్కులన్నీ ఎందుకమ్మింది? అంతకు ముందు ఏడాది ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ని ఇదే ఎగర్టన్ దగ్గర కమిషన్ మీద వేయించింది. అంటే అచ్చు, కాయితం, ప్రకటనల ఖర్చు రచయిత్రిది. అమ్మిపెట్టినందుకు పబ్లిషరుకు కమిషను. మిగిలితే లాభం ఆమెది, మునిగితే నష్టమూ ఆమెదే. సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేయించి షాపుకు కమిషనిచ్చి అమ్మించుకునే మన కవులకు ఈ పద్ధతి విడమరచి చెప్పక్కర్లేదు. నష్టం ఖాయమనుకుని, ఆమె తనకున్న కొద్దిపాటి రాబడిలోంచి కొంత పక్కన పెట్టుకుందని హెన్రీ రాశాడు. రెండో నవల బేరానికి కూర్చునేసరికి మొదటి దాని లెక్క ఇంకా తేలలేదు.

ఎనిమిది నెలలకు తేలింది. 1813 జూలైలో ఇంకో అన్న ఫ్రాంక్‌కు రాసిన ఉత్తరంలో ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ ప్రతులన్నీ అయిపోయాయని, 140 పౌండ్లు మిగిలాయని, పైగా కాపీరైట్ తన దగ్గరే ఉందని చెప్పింది. అప్పటికి 110 పౌండ్లకు అమ్మేసిన నవల జనవరిలోనే బయటికొచ్చి 18 షిల్లింగుల చొప్పున పోతోంది (పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్స్). ఆ అక్టోబరులోనే రెండో ముద్రణ, 1817లో మూడోది. ఆ రెంటిలోనూ ఆమెకు పెన్నీ రాలేదు. రావాలన్న షరతూ లేదు.

ఆమెకు భయం నేర్పిన కథ ఇంకొకటుంది, కాస్త వెనక్కి వెళ్ళాలి. 1803లో ‘సూసన్’ అనే నవల రాతప్రతిని క్రాస్బీ అనే పబ్లిషరు 10 పౌండ్లకు కొన్నాడు. ప్రకటన కూడా వేశాడు, పుస్తకం మాత్రం వేయలేదు. ఆరేళ్ళు చూసి 1809 ఏప్రిల్లో ఆమె మిసెస్ ఆష్టన్ డెనిస్ అనే మారుపేరుతో ఉత్తరం రాసింది. ఇంగ్లీషులో ఆ పేరు పొడి అక్షరాలు (MAD) కలిపితే పిచ్చెక్కినంత కోపమని అర్థం వస్తుంది! ఫలానా తేదీలోగా వేస్తామని మేం రాసివ్వలేదు, ఇంకెక్కడైనా వేయిస్తే కోర్టుకెళ్తాం, కావాలంటే ఇచ్చిన సొమ్ము తిరిగి కట్టి తీసుకెళ్ళండి అని మూడు రోజుల్లో క్రాస్బీ జవాబు వచ్చింది. చట్టం అతని పక్షానే ఉంది. ఆ 10 పౌండ్లు కట్టి రాతప్రతిని విడిపించింది 1816లో. బేరం ముగిశాకే, అది ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ రాసినామె రచన అని హెన్రీ క్రాస్బీకి చెప్పాడని వాళ్ళ ఇంట్లో చెప్పుకునేవారు. ఆమె పోయాక అదే ‘నార్తాంగర్ ఆబీ’గా వచ్చింది. 2017 నుంచి ఆమె బొమ్మ 10 పౌండ్ల నోటు మీద ఉంది. అంకె ఎంచినవాళ్ళకు క్రాస్బీ గుర్తున్నాడో లేదో.

ఇప్పుడు వాదనంతా జాన్ మర్రే చుట్టూ తిరుగుతోంది కాబట్టి 1815కు వద్దాం. మర్రే పెద్ద పేరు, కవి బైరన్ పబ్లిషరు. ‘ఎమ్మా’, ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’, ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ మూడింటి కాపీరైట్‌కూ కలిపి 450 పౌండ్లు ఇస్తానన్నాడు. మోసగాడే గానీ మర్యాదస్తుడు అని ఆస్టెన్ అక్కకు రాసింది. ఈ ఒక్క మాట పట్టుకునే ఇవాళ సగంమంది మర్రేను బోనెక్కిస్తున్నారు. హెన్రీ జవాబు ఇంకా ఘాటు: మీ అంకె చూస్తే నా కూడికల్లోనే ఏదో పెద్ద తప్పు దొర్లిందేమోనని భయమేస్తోంది, ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’, ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ ఒక్కో చిన్న ముద్రణ మీదే మా చెల్లికి మిగిలింది ఇంతకంటే ఎక్కువ అని. అప్పటికే జబ్బుపడ్డ హెన్రీకి ఇంతలో అది ముదిరింది. నవంబరు 3న, లండన్ హాన్స్ ప్లేస్‌లోని అతని ఇంట్లోంచే ఆమె స్వయంగా మర్రేకు కబురు పంపింది, ఒకసారి వచ్చి వెళ్ళండి, బోలెడన్ని ఉత్తరాలకంటే నాలుగు మాటలు మేలు అని. అన్న చాటున సాగిన వ్యాపారంలో ఆమె ముందుకొచ్చి కూర్చుంది అప్పుడే. హక్కులు అమ్మనంది, కమిషన్ మీదే వేయమంది. 110 పౌండ్ల దెబ్బ తిన్న మనిషి అలా అనక ఏమంటుంది?

మర్రే ఖాతా పుస్తకం ఇలా ఉంది. ‘ఎమ్మా’ 2000 ప్రతులు వేశారు. లాభం 221 పౌండ్ల 6 షిల్లింగుల 4 పెన్స్. దాంతో పాటే వేసిన ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ రెండో ముద్రణ కదల్లేదు. అందులో నష్టం 182 పౌండ్ల 8 షిల్లింగుల 3 పెన్స్. కమిషన్ ఒప్పందంలో రెండూ ఆమె ఖాతావే కాబట్టి దీన్ని అందులోంచి కోశారు. 1817 ఫిబ్రవరిలో ఆమెకు అందింది 38 పౌండ్ల 18 షిల్లింగుల 1 పెన్నీ. అయిదు నెలలకు ఆమె చనిపోయింది. 1820లో ‘ఎమ్మా’ ఇంకా ఐదొందలకు పైగా మిగిలితే 2 షిల్లింగులకొకటి చొప్పున వదిలించుకున్నారు.

మోసగాడన్నాయన ఇస్తానన్న 450 పుచ్చుకుని ఉంటే నయమన్నమాట. ఉంచుకోవాల్సినది అమ్మేసింది, అమ్మాల్సినవి ఉంచుకుంది.

ఆడవాళ్ళ పుస్తకాలకు అప్పట్లో రేటే లేదనడం కూడా నిలవదు. నవలా రచయిత్రి రాడ్‌క్లిఫ్‌కు 1794లో ఒక్క నవలకు 500 పౌండ్లు, మూడేళ్ళకు ఇంకోదానికి 800 ముట్టాయి. 1814లో ‘పేట్రనేజ్’ అనే నవలకి మరో రచయిత్రి ఎడ్జ్‌వర్త్ 2100 తీసుకుంది. ఆడమనిషి కావడం అసలు కోత కోసింది వేరేచోట, పెళ్ళిలో. పెళ్ళైన స్త్రీ సంపాదన చట్టప్రకారం భర్తది. 1870 దాకా ఆ చట్టం కదల్లేదు. రచయిత్రి షార్లట్ స్మిత్ అప్పుల జైల్లో ఉన్న భర్త పక్కన కూర్చుని 1784లో సానెట్లు (పద్నాలుగు పాదాల పద్యాలు) అచ్చేయించింది. తర్వాత అతన్ని వదిలేసినా, పిల్లల కోసం ఏటా రాసి తెచ్చిన డబ్బు కోసం అతను వస్తూనే ఉన్నాడు. ఆస్టెన్‌కు ఆ బెడద లేదు. ఆమెకు లేనిది పేరు. ఎడ్జ్‌వర్త్ పేరు చూసి డబ్బిచ్చారు, ‘ఒక లేడీ’ అని అచ్చేసిన పుస్తకానికి ఎవరూ అంత పెట్టరు.

1832లో రిచర్డ్ బెంట్లీ అనే పబ్లిషరు ఆస్టెన్ ఆరు నవలలనూ చవక ముద్రణల్లో వేద్దామని హక్కులు కొనడానికి వచ్చాడు. ఐదింటికి కలిపి 210 పౌండ్లు హెన్రీకీ, అక్క కసాండ్రాకూ ఇచ్చాడు. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కు వాళ్ళ దగ్గర లేదు. దాని 40 పౌండ్లూ ఎగర్టన్ వారసులకు వెళ్ళాయి.