ఒంటికన్నుతో ఆడిన విల్లీ ఓరీ

చిట్టీ, నానీ,

పోయిన నెల నాకు శుక్లాల ఆపరేషన్ చేసి ఒక రోజంతా కుడికంటికి కట్టు కట్టారు. అమ్మమ్మ కాఫీ గ్లాసు అందిస్తే పట్టుకోబోయాను, చేతికి అందలేదు. అది ఇంకా బెత్తెడు దూరంలో ఉంది. మీరూ కుడికన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి, నా అవస్థ తెలుస్తుంది. అప్పటినుంచి నాకు ఐస్ హాకీ ఆటగాడు విల్లీ ఓరీయే గుర్తొస్తున్నాడు. ఐస్ హాకీ అంటే మంచు మీద ఆడే హాకీ.

ఆయనది కెనడాలో ఫ్రెడరిక్టన్ అనే ఊరు. పదమూడుమంది పిల్లల్లో ఆఖరివాడు. 1955-56 సీజన్‌లో ఆడుతుండగా పక్ వచ్చి కుడికంటికి తగిలింది. పక్ అంటే ఐస్ హాకీలో బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ల. మంచు మీద ఎగరకుండా దాన్ని ముందే ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తారు. గట్టిగా కొడితే గంటకు 100 కిలోమీటర్లు దాటి వస్తుంది. ఆ కంటిచూపు 95 శాతం పోయింది. ఇక ఆడలేవని డాక్టర్ చెప్పేశాడు.

ఓరీ ఆ మాట టీమ్‌కు చెప్పలేదు. ఒక కన్ను కనిపించనివాళ్లు ఆడకూడదని ఎన్‌హెచ్ఎల్‌లో, అంటే అమెరికా, కెనడా జట్లు ఆడే పెద్ద ఐస్ హాకీ లీగ్‌లో, రూల్ ఉంది మరి. కంటి విషయం దాచడం తప్పేనర్రా, మీరు మాత్రం అమ్మ దగ్గర ఏదీ దాచకండి. కానీ ఆ కుర్రాడి స్థానంలో నన్ను ఊహించుకుంటే కోప్పడలేకపోతున్నాను.

1958 జనవరి 18న మాంట్రియల్‌లో బాస్టన్ బ్రూయిన్స్ అనే జట్టు తరఫున మంచు మీదికి దిగాడు. ఎన్‌హెచ్ఎల్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. రంగును పట్టుకుని ప్రేక్షకులూ తిట్టారు, ఎదుటి ఆటగాళ్లూ తిట్టారు. మొత్తం 45 మ్యాచ్‌లు, 4 గోల్స్. ఆ లీగ్‌లో అంతే. ఇంకో నల్లజాతి ఆటగాడు రావడానికి 1974 దాకా పట్టింది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాత జరిగింది. ఓరీ ఎడమవైపు ఆడేవాడు. పాస్ వచ్చేది కుడివైపు నుంచి, అంటే కనిపించని కంటివైపు నుంచి. అందుకని ప్రతిసారీ తలంతా కుడిభుజం మీదుగా తిప్పి చూసుకోవాలి. అలా తిప్పిన క్షణంలో ఎవరు వచ్చి గుద్దుతారో తెలియదు. లాస్ ఏంజెలెస్‌లో వేరే లీగ్‌కు ఆడుతున్నప్పుడు కోచ్ ఆయన్ని కుడివైపుకు మార్చాడు. ఇప్పుడు పక్ బాగున్న కన్నువైపు నుంచే వస్తోంది. 1964-65 సీజన్‌లో 38 గోల్స్ కొట్టాడు! అన్నేళ్లు పడ్డ కష్టం, నిలబడే చోటు మారగానే తీరింది.

1979 దాకా, నలభై మూడేళ్లు వచ్చేదాకా ఆడాడు. 1998 నుంచి ఊరూరా తిరిగి పిల్లలను ఈ ఆటలోకి తెచ్చాడు. 2018లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి, అంటే ఆ ఆటలో గొప్పవాళ్ల జాబితాలోకి, తీసుకున్నారు. 2022 జనవరి 18న, సరిగ్గా ఆయన మొదటి మ్యాచ్ తారీఖునే, బ్రూయిన్స్ ఆయన 22వ నంబర్ జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వమని చెప్పి బాస్టన్ స్టేడియం కప్పుకు ఎత్తి కట్టారు. కోవిడ్ రోజులు కదా, ఎనభై ఆరేళ్ల ఓరీ శాన్ డియాగోలో ఇంట్లోనే కూర్చుని వీడియోలో చూశాడు.

ఇట్లు,
మీ తాతయ్య