చర్మం మీద మోగే తీగ: తార్ వాద్యం

తీగను ఒకసారి మీటినప్పుడు అందే శక్తి కొద్దిపాటిదే. దాన్ని పొదుపుగా ఖర్చుపెట్టే వాద్యంలో నాదం చాలాసేపు నిలుస్తుంది; ఒక్క ఊపున వెళ్లగక్కే వాద్యంలో గట్టిగా మోగి, అంతలోనే ఆరిపోతుంది. పనస చెక్క పైపలకగల మన వీణ మొదటి కోవది. ఇరాన్, అజర్‌బైజాన్ శాస్త్రీయ సంగీతాల్లో ప్రధాన వాద్యమైన తార్ రెండో కోవకు చెందుతుంది.

పారశీకంలో తార్ అంటే తీగ; సితార్ పేరులో ఉన్నదీ ఈ మాటే. మల్బరీ కొయ్యను తొలిచి, అంటుకున్న రెండు గిన్నెల్లాగా, ఎనిమిది అంకె రూపంలో దీని బుర్రను చెక్కుతారు. గిన్నెల మూతిపై చెక్కకు బదులు పల్చని చర్మం బిగిస్తారు: ఇరాన్‌లో గొర్రెపిల్ల తోలు, అజర్‌బైజాన్‌లో పశువు గుండెను చుట్టి ఉండే పొర. తీగలను మోసే చిన్న వంతెన, అంటే బ్రిడ్జి, ఆ చర్మం మీదే నిలుస్తుంది. చర్మం తేలిక కాబట్టి తీగ కంపనానికి వెంటనే లొంగి, చెక్క కంటే త్వరగా దాన్ని గాలికి అందిస్తుంది. తార్ గొంతులోని ఖంగుమనే పదునూ, దాని అల్పాయుష్షూ రెండూ అక్కడి నుంచే వస్తాయి.

మరి దీర్ఘస్వరం పలికించడమెలా? ఇరాన్ వాదకుడు తేనెమైనం ముద్దలో గుచ్చిన చిన్న ఇత్తడి రేకును వేళ్లతో పట్టుకుని, తీగను పైకీ కిందికీ ఎడతెగకుండా మీటుతాడు. విడివిడి చుక్కలు గీతగా కనిపించినట్టు, ఆ మీట్లు చెవికి ఒకే స్వరంగా వినిపిస్తాయి. దీన్ని 'రీజ్' అంటారు.

అజర్‌బైజాన్‌లో ఇంకో దారి కూడా తొక్కారు. షూషా పట్టణానికి చెందిన తార్ వాదకుడు సాదిగ్‌జాన్ 19వ శతాబ్దంలో తార్‌కు తీగలు పెంచాడు. ఇరాన్ తార్‌కు ఆరు తీగలైతే, నేటి అజర్‌బైజాన్ తార్‌కు పదకొండు. రాగం పలికే మూడు జంటలతో పాటు ఒక మంద్రపు తీగ, ప్రతిధ్వనించే రెండు జంటలు ఉంటాయి. మీటకున్నా ఈ జంటలు తమ శ్రుతికి కలిసే స్వరం విని వణుకుతాయి, చర్మం వదిలేసిన నాదాన్ని కాసేపు పట్టి ఉంచుతాయి. ఒడిలోని వాద్యాన్ని రొమ్ముకెత్తి వాయించే పద్ధతినీ అతనికే ఆపాదిస్తారు.

వాద్యపు పొడవాటి మెడ అయిన దండి చుట్టూ, స్వరస్థానాల కోసం కట్టిన మెట్లు, వీణపై మైనంలో పాతిన మెట్ల వంటివి కావు, జరపగలిగేవి. పియానోలో దొరకని స్వరాంతరాలు పలికేది అందువల్లే. నా మటుకు ఇదే తార్‌లోని అసలు తెలివి. 2012లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కిన అజర్‌బైజాన్ తార్ కళలో వాదనంతో పాటు తయారీ కూడా ఉంది. ఆ తయారీలో చర్మమే పేచీకోరు: గాలిలో తేమ పెరిగితే సడలి, గొంతు మందగిస్తుంది.