పాలు, పెరుగు: మానాల్సింది ఎవరు, మానకూడనిది ఎవరు?

ఆసుపత్రిలో డైటీషియన్‌గా నేను రోజూ చూసేది ఒకటుంది. పాలు, పెరుగు ఎవరికి బాగా అవసరమో వాళ్లచేత ఇంట్లో మాన్పించేస్తారు. ఎవరికి మితిమీరితే చేటో వాళ్లకు బతిమాలి మరీ తాగిస్తారు. అందుకే ఈ అపోహల గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: బాలింత పెరుగు తింటే బిడ్డకు జలుబు చేస్తుంది

కాన్పయిన ఇంట్లో బాలింత కంచం చూడండి. వేడన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, ఏదో ఒక వేపుడు. పెరుగు మాత్రం నెలల తరబడి కనపడదు. బిడ్డ తుమ్మితే నీవల్లేనంటారన్న టెన్షన్‌తో ఆ అమ్మాయి మజ్జిగ కూడా ముట్టదు.

జలుబు వైరస్ వల్ల వస్తుంది. దగ్గుతూ ముద్దుపెట్టుకునేవాళ్ల నుంచి, చేతులు కడుక్కోకుండా ఎత్తుకునేవాళ్ల నుంచి బిడ్డకు అంటుకుంటుంది. తల్లి తిన్న పెరుగు చల్లదనం ఆమె పాలలోకి వెళ్లదు. ఆమె సరిగా తినకపోయినా బిడ్డకు కావలసిన కాల్షియం పాలలో వస్తూనే ఉంటుంది, దాన్ని ఒళ్లు ఆమె ఎముకల్లోంచి కూడా తీసి ఇస్తుంది. బిడ్డకు తల్లిపాలు మాన్పించాక ఆ ఎముక చాలావరకు కోలుకుంటుంది, కానీ అందుకు కూడా తిండిలో కాల్షియం ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పాలిచ్చే తల్లికి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఒక పెద్ద కప్పు పెరుగులో దాదాపు 250 మిల్లీగ్రాములు దొరుకుతుంది. అత్తగారైనా అమ్మగారైనా దయచేసి ఆ కప్పు తీసేయకండి.

పెద్దవాళ్లు రాత్రి పెరుగన్నం తింటే కఫం పెరుగుతుందన్న మాటకూ ఆధారం లేదు. పాలు లాలాజలంతో కలిసినప్పుడు గొంతులో కాసేపు జిగటగా అనిపిస్తుంది, అంతే.

అపోహ: కిడ్నీలో రాళ్లుంటే పాలు, పెరుగు బంద్ చేయాలి

రాయిలో కాల్షియం ఉంది కాబట్టి కాల్షియం మానేస్తే సరిపోతుందనుకుంటారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఎక్కువమందిలో కనిపించేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. పాలకూర, తోటకూర లాంటి వాటిలో ఉండే ఆక్సలేట్‌ను భోజనంలోని కాల్షియం పేగులోనే పట్టేసి మలంతో బయటికి పంపేస్తుంది. కాల్షియం తగ్గిస్తే ఆ ఆక్సలేట్ రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలోకి చేరుతుంది. అందుకే పాలకూర పప్పు తిన్న పూటే పెరుగు కూడా వేసుకోమంటాను. తగ్గించాల్సింది ఉప్పు, పెంచాల్సింది నీళ్లు. కాల్షియం మాత్రల సంగతి వేరు, అవి డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు.

అపోహ: పాలు తాగితే చాలు, బిడ్డకు అన్నం ఎక్కకపోయినా పర్లేదు

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఏడాదిన్నర బిడ్డ బొద్దుగా ఉంటాడు, చేతిలో సీసా వదలడు, రోజుకు లీటరుదాకా పాలు. కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. పాలలో ఐరన్ దాదాపు ఉండదు. పైగా పాలలోని కాల్షియం, కేసిన్ అనే ప్రోటీన్ మిగతా తిండిలోని ఐరన్‌ను కూడా సరిగా ఒంటపట్టనివ్వవు. కడుపు పాలతో నిండిపోయాక పప్పన్నం, గుడ్డు తినాలనిపించదు. బొద్దుగా ఉన్నాడు కదా అని రక్తహీనత అనుమానం ఎవరికీ రాదు.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే. ఏడాదిలోపు ఆవు పాలు, గేదె పాలు ప్రధాన ఆహారంగా వద్దు. ఏడాది దాటాక రోజుకు అర లీటరు మించనీయకండి, అదీ అన్నం తిన్నాక గ్లాసుతో ఇవ్వండి. సీసా తీసేస్తే రెండు మూడు రోజులు గొడవ చేస్తాడు, తర్వాత ఆకలి తన్నుకొస్తుంది.

అపోహ: చేపల కూర తిని పెరుగు తింటే బొల్లి వస్తుంది

రాదు. సొంత రోగనిరోధక వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీయడం వల్ల బొల్లి వస్తుంది. బెంగాల్‌లో చేపను పెరుగులోనే వండుకుంటారు.

అపోహ: ఏ2 పాలకు ఎంత ధర పెట్టినా తక్కువే

ఏ1, ఏ2 అనేవి పాలలోని బీటా కేసిన్ అనే ప్రోటీన్‌లో రకాలు. ఏ1 వల్ల జబ్బులొస్తాయనడానికి గట్టి రుజువు లేదు. ఇంకో విషయం, గేదె పాలలో ఉండేది ఏ2 రకమే. మన ఊళ్లలో బర్రె పాలు పోయించుకునేవాళ్లు ఏళ్ల తరబడి ఏ2 పాలే తాగుతున్నారు. రెట్టింపు ధర పెట్టే డబ్బుతో ఇంటికి గుడ్లు, పప్పు కొనండి.

ఇక నిజంగా జాగ్రత్తపడాల్సినవాళ్లు. పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనం అయ్యేవాళ్లకు పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ అరగకపోవచ్చు. వాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది, ఎందుకంటే తోడు పెట్టాక బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తుంది. పాల ప్రోటీన్ అలర్జీ ఉన్న పిల్లలకు పెరుగు, పనీర్‌తో సహా అన్నీ ఆపాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లు పాలలోని ఫాస్ఫరస్, పొటాషియం దృష్ట్యా ఎంత తాగాలో డాక్టర్‌తో లెక్క వేయించుకోవాలి. థైరాయిడ్ మాత్రను పాలతోనో, కాఫీతోనో వేసుకోకండి. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగండి. ఐరన్ మాత్రకూ పాలకూ మధ్య కూడా రెండు గంటల ఎడం ఉంచండి.