ఇంటి వెబ్ సర్వర్‌ను రూట్‌గా నడపాలా? అపోహలు - వాస్తవాలు

"పర్మిషన్ ఎర్రర్ వచ్చిందండీ, అడ్మిన్‌గా నడిపితే పోయింది." ఇంట్లో సర్వర్ పెట్టుకున్నవారు ఈ మాట సంతోషంగా చెబుతుంటే నాకు గుండె గుభేలుమంటుంది.

అపోహ: వెబ్‌కు వాడే 80, 443 పోర్టులు (నెట్ నుంచి వచ్చేవాటికి యంత్రంలో ఉండే నంబర్ల ద్వారాలు) కావాలంటే సర్వర్ రూట్‌గానే, అంటే లినక్స్‌లో అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ ఖాతాతోనే నడవాలి.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది చావదు. లినక్స్‌లో 1024 లోపు పోర్టు తెరవడానికి మామూలుగా రూట్ హక్కు కావాలి. తెరవడానికి మాత్రమే! అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వర్ ప్రోగ్రాములు రూట్‌గా మొదలై పోర్టు పట్టుకుంటాయి. వచ్చిన అభ్యర్థనలను మాత్రం హక్కులు లేని యూజరు పేరుతో నడిచే ప్రాసెస్‌లే (నడుస్తున్న ప్రోగ్రాము ప్రతులే) చూసుకుంటాయి. మీరు రాసుకున్న పైథాన్ ప్రోగ్రాముకు ఆ తెలివి దానంతట రాదు. సుడోతో (రూట్ హక్కులిచ్చే కమాండుతో) లేపితే చివరిదాకా రూటే. దాన్ని మామూలు యూజరుగా 8000 పోర్టులో నడిపి, దానికి ఎదురుగా ఎన్‌జిన్‌ఎక్స్‌ను పెట్టి, వచ్చిన అభ్యర్థనలను దాని ద్వారా అందించండి. విండోస్‌లోనైతే ఈ 1024 నియమమే లేదు.

ప్రోగ్రాములో లోపం దొరికినవాడికి ఆ ప్రాసెస్ హక్కులన్నీ దక్కుతాయి. మామూలు యూజరైతే సైటు ఫైళ్లు, డేటాబేస్ పాస్‌వర్డు పోవచ్చు. అదే పెద్ద నష్టం. రూటైతే అందరి ఫైళ్లూ, కీలూ వాడివే, పైగా లాగ్‌లు చెరిపేసి జాడ లేకుండా చేయగలడు. 2001లో మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్ ఉన్న యంత్రాలను కమ్మేసిన కోడ్ రెడ్ వార్మ్‌కు (తనంతట తానే పాకే హానికర ప్రోగ్రాముకు) దక్కింది కూడా ఏకంగా సిస్టమ్ హక్కులే, అంటే విండోస్‌లో రూట్ లాంటివే.

ఒకాయన ఫోటోల గ్యాలరీని రూట్‌గా నడిపారు. బ్యాకప్ డిస్కు కూడా ఆ యంత్రానికే తగిలించి ఉంది. అప్‌లోడ్ ఫారంలోని లోపం గుండా దూరినవాడు రెండింటినీ ఎన్‌క్రిప్ట్ చేసిపోయాడు. "నా మీద ఎవరికండీ ఇంత కక్ష?" అని పాపం పదేపదే అడిగారు. ఎవరికీ లేదు.

అపోహ: చిన్న సైటు, ఎవరు చూస్తారు?

వాస్తవం: ఒక గిగాబిట్ లైనుతో ఐపీవీ4 చిరునామాలన్నింటిలో (నెట్‌లోని యంత్రాల నంబర్లలో) ఒక పోర్టును 45 నిమిషాల లోపే తడిమి చూడవచ్చని జీమ్యాప్ అనే స్కానింగ్ ప్రోగ్రాము 2013లోనే చూపింది. మీ పేరు ఎవరికీ అక్కర్లేదు.

మిగతావి గబగబా. హెచ్‌టీటీపీఎస్ దారిలో డేటాను కాపాడుతుంది, ప్రోగ్రాములోని లోపాన్ని కాదు. పోర్టు నంబరు మారిస్తే రొద తగ్గుతుంది, అంతే. డాకర్‌లో (ప్రోగ్రామును విడిగా పెట్టెలో నడిపే సాధనంలో) పెట్టినా, లోపల రూట్‌గా నడుపుతూ ఇంటి ఫోల్డర్లన్నీ తగిలిస్తే ఒరిగేదేమీ లేదు. ఫైళ్లకు 777 (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అనే అనుమతి) ఇవ్వమని చెప్పినవారి మాట ఇంకెప్పుడూ వినకండి.

ఇప్పటికే రూట్‌గా నడుపుతున్నారా? కంగారు పడకండి. పీఎస్ కమాండుతో ఏ ప్రాసెస్ ఎవరి పేరున ఉందో చూడండి. సర్వర్‌కు వేరే యూజరును సృష్టించి, రాసే హక్కు అప్‌లోడ్ ఫోల్డరుకే ఇవ్వండి. ఎవరో దూరారన్న అనుమానం ఉంటే మాత్రం శుభ్రం చేసే ప్రయత్నం వద్దు: నెట్ పీకి, డిస్కు తుడిచి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, పాస్‌వర్డులూ ఎస్‌ఎస్‌హెచ్ కీలూ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే కీలూ) వేరే యంత్రం నుంచి మార్చండి.