కుక్కర్ కూత, పళ్లెం మోత

కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి పంపిన ప్రశ్న నన్ను వారం రోజులుగా వదలడం లేదు. ఆటిజం ఉన్న ఆమె ఐదేళ్ల కొడుకు కుక్కర్ విజిల్ వేయగానే చెవులు మూసుకొని మంచం కిందికి దూరుతాడు. ఆ పిల్లవాడే స్టీలు పళ్లాన్ని గరిటెతో అరగంటసేపు మోగిస్తూ కేరింతలు కొడతాడు. ఇది మొండితనం కాక మరేమిటని ఇంట్లో పెద్దలు ఆమెను నిలదీస్తున్నారట.

మొండితనం కాదు. ఎవరికి వారు చక్కిలిగింతలు పెట్టుకుంటే నవ్వు రాదు గదా! చేయి కదపమని కండరాలకు ఆజ్ఞ పంపేటప్పుడే మెదడు ఆ ఆజ్ఞకు నకలు ఒకటి తీసుకొని, రాబోయే స్పర్శ ఎంతో ముందుగానే లెక్కగట్టి, నిజంగా వచ్చినదానిలోంచి ఆ మేరకు తగ్గించేస్తుంది. (తీసివేతలు నేర్పే పంతుళ్లు ఈ ఉదాహరణను ఎందుకు వాడుకోరో తెలియదు.) చప్పుడుకూ ఇదే తీసివేత వర్తిస్తుంది: గరిటె ఎప్పుడు పడుతుందో పిల్లవాడి చేతికి తెలుసు, కుక్కర్ ఎప్పుడు కూస్తుందో తెలియదు.

కూసే క్షణం మనకూ తెలియదు. అయితే ఆవిరి బుసను బట్టి, వెయిట్ కదలికను బట్టి మన మెదడు మనకు తెలియకుండానే ఒక అంచనా కట్టుకుంటుంది. ఆటిజంలో గత అనుభవం నుంచి కట్టే ఇటువంటి అంచనాలకు పట్టు తక్కువని 2012లో ఎలిజబెత్ పెలికానో, డేవిడ్ బర్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. ఇది ఇంకా పరికల్పనే. కానీ మళ్లీ మళ్లీ తగిలే ఉద్దీపనకు అమిగ్డలా (మెదడులో భయాన్ని, ప్రమాదాన్ని పసిగట్టే భాగం) స్పందన ఆటిజం ఉన్నవారిలో త్వరగా తగ్గకపోవడం కొన్ని మెదడు స్కానింగ్ అధ్యయనాలలో కనిపించింది. అంటే మూడో విజిల్ కూడా మొదటి విజిలంత కొత్తగానే తగలవచ్చు.

విచిత్రమేమిటంటే, వాక్యూమ్ క్లీనర్‌కు హడలిపోయే పిల్లలే అంత చప్పుడునూ తామే సంతోషంగా చేస్తారని మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో, 11 మంది పిల్లల గురించి రాసిన ఆటిజం తొలి పత్రంలోనే గమనించారు. ఇంద్రియ స్పందనలలోని తేడా నిర్ధారణ ప్రమాణాలలోకి ఎక్కింది మాత్రం 2013లో, మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5 వచ్చాక. ఆ రెండింటి నడుమ గడిచిన కాలంలో పాశ్చాత్య దేశాల్లో తల్లుల మనసు చల్లబడడమే ఆటిజానికి కారణమని నింద వేశారు, ఇక్కడ తాయెత్తులు కట్టారు.

ఆ తల్లికి నేను చెప్పేది ఇది: కుక్కర్ పెట్టేముందు పిల్లవాడి ముందు మూడు శనగ గింజలు ఉంచి, విజిల్‌కు ఒకటి చొప్పున గిన్నెలో వేయించండి, మూడోది పడగానే స్టవ్ ఆగిపోవాలి, ఒక్క విజిల్ కూడా ఎక్కువ రాకూడదు. మిక్సీ స్విచ్ అతని చేతనే వేయించండి. బోనాల డప్పుకు ఈ ఉపాయం పనిచేయదు, అప్పుడు చెవులకు చప్పుడు తగ్గించే మఫ్స్ పెట్టవచ్చు. రోజంతా ఉంచడం అలవాటైతే మాత్రం వినికిడి సున్నితత్వం ఇంకా పెరగవచ్చు, ఊరేగింపు గల్లీ దాటగానే తీసేయండి.