గుజ్జు, కట్టు, డిస్కు: ఎముకల గురించి రోజూ వినే అపోహలు

“గుజ్జు అరిగిపోయిందట, ఎక్కించండి డాక్టరుగారూ.” ఎముకల వైద్యుడి గదిలో జబ్బు పేరు, దానికి చేయాల్సిన వైద్యం చాలాసార్లు రోగే చెప్పేస్తారు. పక్కింటివారు చెప్పినవి, ఫోనులో చూసినవి అన్నీ కలిసి అప్పటికే ఒక నిర్ణయం జరిగిపోయి ఉంటుంది.

అపోహ: మోకాట్లో గుజ్జు ఎండిపోయింది, ఇక నడవకూడదు.

గుజ్జు అని మనం అనేది మోకాట్లో మూడు వేర్వేరు భాగాలకు వర్తిస్తోంది. ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి మృదులాస్థి ఒకటి. దాని మందం కొన్ని మిల్లీమీటర్లే. తొడ ఎముకకు, కాలి ఎముకకు మధ్య అర్ధచంద్రాకారంలో ఉండే రెండు మెత్తలు రెండోది. మూడోది కీలులోని జిగట ద్రవం. ఆరోగ్యంగా ఉన్న మోకాట్లో అది చెంచాడు కూడా ఉండదు.

వయసుతో అరిగేది ముఖ్యంగా మృదులాస్థి. ద్రవం ఎండిపోదు. అరిగిన మోకాలు వాచినప్పుడు అది పెరుగుతుంది, ఒక్కోసారి సిరంజితో తీయాల్సి వస్తుంది. ఎక్కించమని వచ్చినవారికి తీయాలని చెబితే మా వైపు అనుమానంగా చూస్తారు.

మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, అందుకే దెబ్బ తింటే మానడం కష్టం. నరాలూ లేవు, అందుకే అరుగుదల మొదలైన సంగతి మనకు తెలియదు. నొప్పి కీలు చుట్టూ ఉన్న పొర నుంచి, మృదులాస్థి కింది ఎముక నుంచి వస్తుంది. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించే మనిషి హాయిగా తిరుగుతుండటం, ఎక్స్‌రే బాగున్న మనిషి కుంటుతుండటం మాకు కొత్త కాదు. రక్తం అందని ఆ మృదులాస్థికి పోషణ కీలు ద్రవం నుంచే రావాలి. అడుగు మోపితే అది నొక్కుకుంటుంది, ఎత్తితే స్పాంజిలా ద్రవాన్ని పీల్చుకుంటుంది. అలాంటప్పుడు మంచానికే పరిమితమైతే ఏమవుతుందో వేరే చెప్పాలా? కండరాలు కూడా సన్నబడి బరువంతా కీలు మీదే పడుతుంది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి కొన్ని క్షణాలు పట్టి ఉంచడం ఖర్చు లేని వ్యాయామం. కానీ ఉచితంగా చెప్పిన వైద్యానికి గౌరవం తక్కువ.

అపోహ: వేళ్లు కదులుతున్నాయి కాబట్టి ఎముక విరగలేదు.

వేళ్లను కదిపే కండరాల్లో ఎక్కువ భాగం ముంజేతిలో ఉంటాయి. మణికట్టు దగ్గర ఎముక విరిగినా అవి పనిచేస్తూనే ఉంటాయి. మణికట్టులోని 8 చిన్న ఎముకల్లో స్కాఫాయిడ్ మరీ మోసకారి. బండి మీద నుంచి పడుతూ చేయి ఆనించినప్పుడు విరుగుతుంది. వాపు పెద్దగా ఉండదు, మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. దానికి రక్తం ప్రధానంగా వేళ్ల వైపు నుంచి వెనక్కి అందుతుంది. మధ్యలో విరిగితే ముంజేతి వైపు ముక్క రక్తం లేక చచ్చుబడవచ్చు. బొటనవేలు పైకి చాచితే దాని మొదట్లో చిన్న గుంట ఏర్పడుతుంది. పడిన తర్వాత అక్కడ నొక్కితే నొప్పి పుడుతుంటే, బెణుకు అని తైలం రాసి ఊరుకోవద్దు.

అపోహ: కట్టు ఎంత బిగిస్తే ఎముక అంత త్వరగా అతుకుతుంది.

ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. విరిగిన చోట రక్తం గడ్డకట్టి, కొన్ని వారాల్లో మెత్తటి అతుకు ఏర్పడి, అది గట్టి ఎముకగా మారుతుంది. ఆ తర్వాత నెలల తరబడి పాత ఆకారం వచ్చేలా చెక్కుకుంటుంది. ఎముకను వరసలో, కదలకుండా ఉంచడమే కట్టు పని, అది సిమెంటు కట్టయినా, వెదురు బద్దలు పెట్టి పసరు వేసిన పుత్తూరు కట్టయినా. పిల్లల్లో చాలా ఎముకలు ఎలా కట్టినా అతుకుతాయి, పేరు కట్టినవారికి దక్కుతుంది. పసరు మీద నాకు పేచీ లేదు. ఎక్స్‌రే తీయకుండా కట్టడం మీద, బిగుతు మీద ఉంది. మొదటి రెండు మూడు రోజుల్లో వాపు పెరుగుతుంది. లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసారం ఆగితే కొన్ని గంటల్లోనే కండరం చచ్చుబడుతుంది. కట్టు తర్వాత నొప్పి పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, వాటిని చాచితే ప్రాణం పోయేంత బాధ ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి కట్టు విప్పించాలి.

అపోహ: డిస్కు జారింది, తొక్కిస్తే లోపలికి పోతుంది.

డిస్కు పైనా కిందా వెన్నుపూసలకు గట్టిగా అతుక్కుని ఉంటుంది, జారదు. దాని అంచు చిరిగి లోపలి పదార్థం బయటికి ఉబ్బుతుంది. చాలామందిలో ఆ ఉబ్బు కొన్ని నెలల్లో తనంతట తానే తగ్గుతుంది. నడుము తొక్కించుకోవడం మాత్రం ప్రమాదమే.

అపోహ: మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుంది.

రాదు. ఆ చప్పుడు కీలు ద్రవంలోని వాయువుది. నొప్పి, వాపు లేనంతవరకు చింత అక్కర్లేదు.

అపోహ: పొడి తాగితే ఏ వయసులోనైనా ఎత్తు పెరుగుతారు.

పుట్టినప్పుడు దాదాపు 300 ముక్కలుగా ఉన్న అస్థిపంజరం పెద్దయ్యేసరికి కలిసిపోయి 206 ఎముకలవుతుంది. పొడవాటి ఎముకల చివర్లలోని ఎదుగుదల పొరలు యుక్తవయసు ముగిసేసరికి మూసుకుపోతాయి. ఇక ఎత్తు పెరగరు. అయితే రాత్రి నిద్రలో డిస్కులు నీరు పీల్చుకోవడం వల్ల అందరం పొద్దున ఒక సెంటీమీటరు దాకా ఎక్కువ ఎత్తు ఉంటాం. ప్రకటనల్లోని ‘ముందు, తర్వాత’ ఫొటోలు ఏ పూట తీశారో అడగండి.

అపోహ: ఎక్స్‌రేలో ఎముక ఎంత తెల్లగా ఉంటే అంత బలం.

తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. నల్గొండ, ప్రకాశం ప్రాంతాల ఫ్లోరోసిస్ రోగుల ఎక్స్‌రేలు చూస్తే ఈ నమ్మకం నిలబడదు. ఎముకలు మామూలుకన్నా తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి, కానీ పెళుసుగా ఉంటాయి. ఎముకలను కలిపి ఉంచే బంధనాలు కూడా గట్టిపడి వెన్ను వంగదు, మెడ తిరగదు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును 1937లోనే వైద్యులు నమోదు చేశారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్లు కాచి తాగితే సరిపోతుందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. మరిగించినప్పుడు నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ అంతా గిన్నెలోనే మిగిలి మరింత చిక్కబడుతుంది.